కోతపండుగకి తెచ్చింది కలిసి తినాలి

పోయిన నెల మా చర్చిలో ఆరాధన చివర ప్రకటనలు చదువుతూ, ఈ ఏడు కోతపండుగకి, అంటే పంట చేతికొచ్చాక కానుకలు తెచ్చి దేవునికి కృతజ్ఞత చెప్పుకునే ఆదివారానికి, ఎవరూ వస్తువులు గానీ వండిన పదార్థాలు గానీ తేవద్దని చెప్పారు. ఇంటింటికీ ఒక కవరు ఇస్తారట, కానుక అందులో పెట్టి ఇవ్వాలట, కవరు మరిచిపోయినవాళ్ళకి గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ అంటిస్తారట. కారణాలూ చెప్పారు. కూరగాయలు కుళ్ళిపోతున్నాయి, తెచ్చినవాటి వేలంపాట మధ్యాహ్నం మూడింటిదాకా సాగి పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, మిగిలిన కేకులకి చీమలు పడుతున్నాయి, సోమవారం పొద్దున మందిరం కడగడానికి మనిషి దొరకడం లేదు. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు, కిందటేడు ఆ చీమలు దులిపినవాళ్ళలో నేనూ ఉన్నాను. అయినా ఆ ప్రకటన నాకు మింగుడు పడలేదు. ఇంటికొచ్చాక మా ఆయనతో, తర్వాత చర్చిలో ఆడవాళ్ళ సమాజమైన స్త్రీల మైత్రి వాట్సాప్ గ్రూపులో, ఆ తర్వాత కమిటీవాళ్ళతో వాదించాను. వాదించేకొద్దీ నేను చెప్పదలుచుకున్నది నాకే స్పష్టమవుతూ వచ్చింది, అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నా మాట ఇది. కోతపండుగకి తిండే తేవాలి, తెచ్చింది అక్కడే అందరూ కలిసి తినాలి. తిండిని తీసేసి కవరు పెట్టడం తప్పు. తెచ్చిన తిండిని వేలానికి పెట్టి, ఎక్కువ పాడినవాళ్ళకి ఇచ్చి పంపడం కూడా తప్పే. ఈ రెండో మాటకే నా మీద ఎక్కువ మందికి కోపం వచ్చింది, ఎందుకంటే కవర్లు వద్దన్న వాళ్ళలో చాలామంది వేలంపాట పోతుందనే వద్దన్నారు.

బియ్యం మాట

'బియ్యం కోసం మతం పుచ్చుకున్నవాళ్ళు' అన్న మాట మన సంఘాల్లో పెరిగిన ఎవరికీ కొత్త కాదు. కొందరు ముఖం మీదే అంటారు, కొందరు మనం పక్కకి వెళ్ళాక అంటారు. ఆ మాట పుట్టిన రోజులు మాత్రం నిజంగానే ఆకలి రోజులు. ధాత కరువులో, అంటే 1876-78లో, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. తిండి కోసం వచ్చి కలిశారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలోకి దిగారు. మెదక్‌లో మిషనరీ చార్లెస్ పాస్నెట్ అంత పెద్ద చర్చి కట్టించిన కాలం కూడా కరువు కాలమే, రాళ్ళు మోసినవాళ్ళ ఇళ్ళలో ఆ పని వల్లే పొయ్యి వెలిగిందని ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు. 1924 క్రిస్మస్ రోజు దాన్ని ప్రతిష్ఠించారు. మన సంఘాల జ్ఞాపకం ఆకలి దగ్గర మొదలవుతుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కానీ ఆ మాట విని విని మనలో చదువుకున్నవాళ్ళకి మందిరంలో బియ్యం బస్తా కనిపిస్తే ఎక్కడో ఇబ్బందిగా ఉంటుంది. కమిటీలో ఒకాయన నాతో అన్నది అదే. "ఇంకా ఈ బియ్యం, కోళ్ళు, గుమ్మడికాయలు ఏంటి మేడం, మనం ఎదిగాం కదా."

నాకు దీనికి సరిగ్గా ఎదురు కనిపిస్తుంది. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు గుడివాడ దగ్గర. మా పేటలో సొంత పొలం ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మిగతావాళ్ళంతా కూలికి వెళ్ళేవాళ్ళే. కోత కూలి గింజల్లోనే ఇచ్చేవారు. ఆ గింజలు కాక, కోత అయిపోయిన చేలో ఆడవాళ్ళు, పిల్లలు పరిగె ఏరుకునేవారు. బైబిల్లో బోయజు పొలంలో రూతు ఏరుకున్నట్టే అని అమ్మమ్మ చెప్పేది, రూతు కథ ఆవిడ దృష్టిలో కథ కాదు, తను చేసే పనే. పూట పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి మూల ఉన్న చిన్న కుండలో వేసేది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు కూడా ఆ కుండ జోలికి వెళ్ళనిచ్చేది కాదు. కుప్పనూర్పిళ్ళు అయ్యాక వచ్చే కోతపండుగకి ఆ కుండ గుడికి వెళ్ళేది. ఊళ్ళో ఆ పండుగకి క్యాలెండరులో తేదీ ఉండేది కాదు, కల్లాలు ఖాళీ అయ్యాక అయ్యగారు, అంటే పాస్టరు గారు, ఏ ఆదివారమో చెప్పేవారు.

ఎవరి పొలంలోనో కోసి, ఎవరి కల్లంలోనో నూర్చి, తమకి వచ్చిన గింజల్లోంచి తీసి తెచ్చేవారు. పుచ్చుకున్నవాళ్ళు అని పేరుపడిన మనుషులు ఏడాదికి ఒకరోజు ఇచ్చేవాళ్ళుగా నిలబడేవారు, అదీ బియ్యమే ఇచ్చేవారు. ఆ మాటకి ఇంతకంటే మంచి జవాబు ఎవరైనా చెప్పారా అంటే నాకు తెలిసి లేదు. మనం ఎదిగాం కాబట్టి ఆ జవాబు మానేద్దాం అంటే నేను ఒప్పుకోలేను.

డబ్బు ఇచ్చినా ఇచ్చినట్టే కదా అంటారు. ఇచ్చినట్టే. దశమభాగానికి కవరు ఉంది, మందిరం మరమ్మతుకి కవరు ఉంది, క్రిస్మస్‌కి, మట్టల ఆదివారానికి కవర్లు ఉన్నాయి. తిండి పట్టుకుని మందిరంలోకి నడిచే రోజు మాత్రం ఏడాది మొత్తానికి ఇదొక్కటే.

పాట

ఊళ్ళో వేలంపాట మీద నాకెప్పుడూ కోపం లేదు. అది సరదా, అవసరం కూడా. నాలుగు బస్తాల ధాన్యం, పాతిక కోళ్ళు ఇస్తే పాస్టరు గారు ఏం చేసుకుంటారు, ఎలాగోలా డబ్బు చేయాలి. జామకాయలు పిల్లలకి అందే ధరకే పోయేవి. తాము కానుకగా తెచ్చిన కోడినే మళ్ళీ పాడుకుని చంకలో పెట్టుకుని వెళ్ళేవాళ్ళు కూడా ఉండేవారు, ఇంట్లో ఆడమనిషి ఆ కోడి మీద ప్రాణం పెట్టుకుని ఉంటుంది కాబట్టి. పాడేవాళ్ళకీ చూసేవాళ్ళకీ పెద్ద తేడా లేదు. అందరి దగ్గరా ఉన్నది దాదాపు అంతే.

పట్నంలో ఆ పాటే వేరే పని చేస్తుంది. గుమ్మడికాయ 5,000 పలుకుతుంది, క్రీమ్ కేకు 12,000 పలుకుతుంది, మైకులో కుటుంబం పేరు, చప్పట్లు. పాడేది ఏటా అవే నాలుగైదు కుటుంబాలు. మిగతా వందల మంది వాటిని చూస్తూ కూర్చుంటారు. బయట షామియానా కింద బిర్యానీ ప్లేటుకి, పునుగులకి, ఐస్‌క్రీముకి కూపన్లు అమ్ముతారు. కూపన్లు కొనని కుటుంబాలు నెమ్మదిగా ఆటో ఎక్కి వెళ్ళిపోతాయి, వెళ్ళిపోయారని కూడా ఎవరికీ తెలియదు. రెండు కాసులు వేసిన విధవరాలి గురించి వాక్యం విన్న గంటకే ఇది జరుగుతుంది.

దీనికి కోశాధికారి గారు చెప్పిన జవాబు తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆ పాట డబ్బుతోనే సంఘంలో పేద పిల్లల కాలేజీ ఫీజులు కడుతున్నాం, పాట లేకపోతే ఆ కుటుంబాలు అంత ఇవ్వవు అన్నారు. నిజమే కావచ్చు. రాకపోతే రాకపోనివ్వండి అనడం నాకు తేలిక, ఫీజు కట్టాల్సిన పిల్లకి కాదు. దీని గురించి చాలా ఆలోచించాను. చివరికి నాకు తోచింది ఏమిటంటే, ఆ పిల్ల ఫీజు ఒక గుమ్మడికాయ ఎంత పలికిందన్న దాని మీద ఆధారపడి ఉండటమే అసలు సమస్య. ఆ బాధ్యత సంఘానిది అయితే జూన్‌లోనే బడ్జెట్‌లో రాసుకోవాలి, ఆ నాలుగు కుటుంబాల దగ్గరికి పెద్దలు వెళ్ళి ఫలానా పిల్లకి ఇంత కావాలని నేరుగా అడగాలి. అడగడానికి మొహమాటపడి, చప్పట్లు కొట్టి రాబట్టుకుంటున్నాం.

కేకు మన పండుగదేనా

వేలం సంగతి ఇలా ఉండగా స్త్రీల మైత్రిలో వేరే గొడవ వచ్చింది. కొన్నేళ్ళుగా మా చర్చిలో కోతపండుగకి కేకులు, బ్రెడ్లు చేసి తెచ్చే అమ్మాయిలు ఎక్కువయ్యారు. ఇంటింటా ఓటీజీలు, అంటే చిన్న కరెంటు ఓవెన్లు, వచ్చాయి, యూట్యూబు ఉంది, చేయి తిరిగినవాళ్ళు ఆర్డర్లు కూడా తీసుకుంటున్నారు. ఒక పెద్దావిడ దీనికి ఒప్పుకోవడం లేదు. గోధుమ మన చేలో పండదు, మైదా మన పంట కాదు, కేకు క్రిస్మస్‌కి చేసుకుంటాం సరే, కోతపండుగకి దాని పనేంటమ్మా అంటారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. మైదా, పంచదార, కోకో పౌడరు, అన్నీ ప్యాకెట్లలోంచి తీసి కలిపింది కోత ఎలా అవుతుంది?

అయితే ఈ పండుగని మనకి తెచ్చిన ఇంగ్లీషు సంఘాల్లో ఇది మొదలైందే రొట్టెతో. 1843లో కార్న్‌వాల్‌లో మార్వెన్‌స్టో అనే సముద్రపు ఒడ్డు పల్లెలో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే పాస్టరు, కొత్త పంటతో చేసిన రొట్టెతో ప్రభువు బల్లలో పాలుపొందడానికి రమ్మని సంఘాన్ని పిలిచాడు. ఇప్పుడు ఇంగ్లండులో చర్చిల్లో జరిగే కోతపండుగ ఆచారానికి ఆ పిలుపునే మొదలుగా చెబుతారు. అక్కడ గోధుమ పనలా మలిచిన పెద్ద రొట్టె కాల్చి బల్ల ముందు పెట్టడం ఉంది, సాయంత్రం అందరూ కలిసి భోజనం చేయడం ఉంది. అంతకు ఎంతో ముందే బైబిల్లో లేవీయకాండం 23లో, కొత్త పంట పిండితో, పులియబెట్టి కాల్చిన రెండు రొట్టెలు తెమ్మని ఉంది. పస్కాకి పులియనివి, కోతకి పులిసినవి. మనుషులు రోజూ ఇంట్లో తినే రొట్టె ఎలా ఉంటుందో అలాగే తెమ్మన్నారని నేను అర్థం చేసుకుంటాను.

మనకి కాల్చడం లేదా అంటే ఉంది. మా పిన్ని కోతపండుగకి దిబ్బరొట్టె చేసేది. మందపాటి ఇత్తడి గిన్నెలో నూనె పోసి, మినప్పిండి, బియ్యపురవ్వ కలిపిన ముద్ద మందంగా పరిచి, మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేది. కిందా పైనా సెగ తగిలి గంటకి పైగా మగ్గాక గిన్నె బోర్లిస్తే అరచెయ్యంత ఎత్తు రొట్టె, చుట్టూ ఎర్రటి పెచ్చు. మా వైపు వరి కోతకి రెండు మూడు రోజుల ముందే, తడి ఆరని చేలో, నిలబడ్డ వరి మధ్యలోనే మినుములు చల్లేస్తారు. వరి కోసి తీసేసరికి కింద మినుము మొలకెత్తి ఉంటుంది. అంటే ఆ రొట్టెలో బియ్యమూ మినుమూ ఒకే చేనివి, ఒకదాని కింద ఒకటి పెరిగినవి. పిన్ని దాన్ని చెరకు పానకంతో పాటు గుడికి పట్టుకెళ్ళేది. అది ఎప్పుడూ వేలానికి వెళ్ళినట్టు నాకు గుర్తు లేదు, వేడి మీద ముక్కలు కోసి పంచేసేవారు, పెచ్చు కోసం పిల్లలు కొట్టుకునేవాళ్ళు.

అందుకని పెద్దావిడతో నేను చెప్పింది ఇది. దిబ్బరొట్టె తప్పకుండా తెద్దాం అత్తయ్యా, కానీ కేకు చేసే పిల్లని ఆపొద్దు. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉండే పిల్లకి చేను లేదు, కల్లం లేదు. తన చేత్తో చేసింది ఏదైనా ఉందంటే ఇదే. బేకరీలో ఆర్డరిచ్చి పేరు రాయించి తెచ్చిన కేకు గురించి మాత్రం మీరన్నదే నేనూ అంటాను.

కిందటేడు మా చర్చిలో ఒక నర్సమ్మాయి బ్రెడ్డు చేసి తెచ్చింది. నైట్ డ్యూటీకి వెళ్ళే ముందు పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే వచ్చి మలిచి కాల్చింది. ఇంగ్లీషువాళ్ళ గోధుమ పన బొమ్మ ఫోన్‌లో చూసి మొదలుపెట్టిందట, కానీ అలాగే చేయలేదు. గోధుమ కంకులు నిటారుగా నిలబడతాయి. తను చేసిన కంకులు ఒక పక్కకి వాలి ఉన్నాయి, పండిన వరికంకి గింజ బరువుకి వాలినట్టు. చిన్న కత్తెరతో పిండికి గాట్లు పెట్టి ఒక్కొక్క గింజా తేల్చింది, పైన గుడ్డుసొన రాసింది, కంకుల దగ్గర బంగారు రంగు, కాడల దగ్గర కొంచెం లేత. కౌలు రైతు మనవరాలు కాబట్టి ఆ వాలు ఎలా ఉంటుందో ఆ పిల్లకి తెలుసు. దాన్ని బల్ల ముందు పెట్టినప్పుడు మందిరంలో వెనక బెంచీలవాళ్ళు కూడా లేచి చూశారు.

వేలంలో అది 8,500కి పోయింది. పాడుకున్నాయన మంచివాడే, సంతోషంగా పాడాడు. ప్లాస్టిక్ కవర్ చుట్టించి కారులో పెట్టించాడు. సాయంత్రం వాట్సాప్ స్టేటస్‌లో ఆ బ్రెడ్డు వాళ్ళ హాల్లో గాజు బల్ల మీద కనిపించింది. ఆ అమ్మాయికి అంత ధర పలికినందుకు అందరూ అభినందనలు చెప్పారు. నాతో మాత్రం, "దాన్ని విరిచి అందరికీ ఇస్తారనుకున్నాను ఆంటీ, అందుకే అంత పెద్దది చేశాను" అంది.

పద్నాలుగో అధ్యాయం

కవర్లకి బైబిల్లోనే ఆధారం ఉందని కమిటీ వైపు నుంచి ఒక వాదన వచ్చింది, అది బలమైనదే. ద్వితీయోపదేశకాండం 14లో, దారి దూరమై పంటలో పదోవంతు మోసుకెళ్ళలేకపోతే దాన్ని వెండికి మార్చి, ఆ వెండి మూట కట్టుకుని దేవుడు ఏర్పరచుకున్న చోటికి వెళ్ళొచ్చని ఉంది. పట్నంలో మనందరం పొలాలకి దూరమైనవాళ్ళమే కదా, క్యూఆర్ కోడ్ అంటే ఆ వెండి మూటే కదా అన్నారు.

నేను ఆ అధ్యాయం మళ్ళీ తీసి చదివాను. వాళ్ళు ఆగింది 25వ వచనం దగ్గర. 26లో, అక్కడికి వెళ్ళాక ఆ వెండితో ఎడ్లో, గొర్రెలో, నీకు ఏది తినాలనిపిస్తే అది కొని, నీ ఇంటివాళ్ళతో కలిసి దేవుని సన్నిధిలో భోంచేసి సంతోషించు అని ఉంది. ఆ కిందనే, మూడేళ్ళకోసారి ఆ భాగం లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివాళ్ళు, విధవరాండ్రు వచ్చి కడుపునిండా తినడానికి అని ఉంది. పంట డబ్బుగా మారడానికి అనుమతి ఉంది, దారిలో మాత్రమే. చేరాక అది మళ్ళీ తిండి కావాలి, తినాలి. కాబట్టి కవరు ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వండి, ఆ డబ్బుతో కూరగాయలో మాంసమో కొందాం, వండుదాం. అలా అయితే కవరు మీద నాకు పేచీ లేదు.

రేషన్ బియ్యం

ఇదంతా వాదన. నన్ను అసలు కదిలించింది వేరే ఉంది. మా సంఘంలో నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే ఒకావిడ ఉంది. కిందటేడు గుడ్డసంచిలో బియ్యం తెచ్చింది, రేషన్ బియ్యం. ఊళ్ళో ఇప్పుడు కోత మిషన్ పొలంలోకి దిగి కోతా నూర్పిడీ ఒకేసారి చేసేస్తోంది, కూలికి గింజలిచ్చే రోజులు పోయాయి, ఏరుకోవడానికి పరిగె కూడా మిగలడం లేదు, మా వైపు చాలా పొలాలు చేపల చెరువులైపోయాయి. పట్నంలో ఆవిడ ఇంట్లోకి గింజ వచ్చే దారి రేషన్ దుకాణం ఒక్కటే. తనకి వచ్చినదాంట్లోంచి తీసి తెచ్చింది, మా అమ్మమ్మ చేసింది కూడా అదే కదా. వేలం నడిపిస్తున్న తమ్ముడు సంచి విప్పి చూసి, "ఇది పక్కన పెట్టండి, దీనికి పాట రాదు" అన్నాడు. ఎవర్నీ చిన్నబుచ్చాలని అన్నది కాదు, వేలం సంగతి తెలిసినవాడు కాబట్టి అన్నాడు. ఆ సంచి మధ్యాహ్నం దాకా స్తంభం పక్కన ఉండి, చివరికి వాచ్‌మన్‌కి వెళ్ళింది.

ఈ ఏడు కవర్ల ప్రకటన అయ్యాక అదే ఆవిడ నన్ను మెట్ల దగ్గర ఆపి, "కవరులో ఎంత వేయాలమ్మా?" అని అడిగింది. బియ్యం తెచ్చినప్పుడు ఎంత తేవాలని ఎవర్నీ అడగలేదు.

వేలంలో ఆ బియ్యానికి ధర లేదు, కవరులో ఆవిడకి సిగ్గు. గుండిగలో అయితే ఎవరి బియ్యం ఏదో ఎవరూ చెప్పలేరు. నేను కలిసి వండుకుందాం అనడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

దీనికి వంట మాస్టరు గారి నుంచి అభ్యంతరం వచ్చింది, ఆయనది పూర్తిగా వంటకి సంబంధించినది. కొత్త బియ్యం తొందరగా ముద్దయిపోతుంది, పాత సన్నబియ్యం పొడిపొడిగా ఉడుకుతుంది, రేషన్ బియ్యం ఇంకో తీరు, మూడూ కలిపి ఎసట్లో పోస్తే సగం పలుకు, సగం జావ, మూడు వందల మందికి నేను ఆ అన్నం పెట్టలేనమ్మా అన్నారు. ఆయనతో కూర్చుని తేల్చుకున్నాం. కొత్త బియ్యం బెల్లం పరమాన్నానికి వెళ్తుంది, దానికి ముద్దవడమే కావాలి. పాతవి అన్నానికి. రేషన్ బియ్యం కడిగి ఆరబెట్టి రవ్వ పట్టిస్తే దిబ్బరొట్టెకి అంతకంటే మంచి రవ్వ రాదు, ఇడ్లీలకీ దోసెలకీ సగం ఊరు వాడేది అదే. స్తంభం పక్కన ఆగిపోయిన బియ్యం ఈసారి అందరికంటే ముందు ఆకులోకి వస్తుంది.

ఇంకో అభ్యంతరం నాకు నేనే వేసుకున్నది. కలిసి తిన్నంత మాత్రాన తేడాలు పోతాయా? బైబిల్లో కొరింథు సంఘంలో ఒకడు ముందే తిని మత్తుగా ఉంటే ఒకడు ఆకలితో ఉన్నాడని పౌలు కోప్పడింది కలిసి తినే బల్ల దగ్గరే. మన చరిత్ర కూడా మురిపెంగా చెప్పుకునేది కాదు. మాల కుటుంబాలు, మాదిగ కుటుంబాలు ఒక పంక్తిలో కూర్చుని తినడానికి మొదట్లో ఎన్ని సంఘాల్లో ఎంత కష్టమైందో మన పెద్దవాళ్ళకి తెలుసు. ఊళ్ళో కోతపండుగ పాటకి పై కులాలవాళ్ళు వచ్చి మా గుమ్మడికాయలు, కోళ్ళు కొనుక్కునేవారు, కానీ మా పేటలో వండింది నోట పెట్టుకునేవారు కాదు. పచ్చి సరుకు గడప దాటుతుంది, వండింది దాటదు. ఈ లెక్కన చూస్తే పాట సులువైన పని, అది ఎవర్నీ ఎవరి పక్కనా కూర్చోబెట్టదు. పంక్తి భోజనం కష్టమైన పని. కష్టం కాబట్టే చేయాలంటున్నాను.

తర్వాత దోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో, బీదలకి మీ ఆస్తి ఇచ్చారు, మీ ప్రాణాలూ ఇచ్చారు, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని తెల్లవాళ్ళ ముఖం మీదే అడిగాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే, 1912లో. మా కృష్ణా జిల్లా సంఘాలు కూడా తర్వాత ఆయన డయోసిస్, అంటే బిషప్పు పరిధి, కిందికే వచ్చాయి. ఇచ్చేవాళ్ళు ఒక పక్క, పుచ్చుకునేవాళ్ళు ఒక పక్క నిలబడితే సంఘం కాదని ఆయనకి తెలుసు. ఆయన అప్పుడు దొరలతో అన్నది ఇప్పుడు మనలో ఉన్నవాళ్ళం మనలో లేనివాళ్ళ విషయంలో వినాలి.

ఇప్పటికి తేలింది

అయ్యగారు రెండు వైపులా విన్నారు. ఈ ఏడు వేలంపాట ఉండదు, కూపన్లు ఉండవు. కవర్లు అచ్చయిపోయాయి కాబట్టి ఉంటాయి, వాటితో వచ్చినదాంట్లోంచి మాంసం, నూనె, పప్పు కొంటారు. వస్తువులు తేవచ్చు. శనివారం సాయంత్రం ఐదింటిలోపు తెస్తే వంటకి చేరతాయి, ఆదివారం తెచ్చినవి, మిగిలినవి సోమవారం ఇంటికి కావాల్సినవాళ్ళు తీసుకెళ్తారు. ఫీజుల సంగతి ఇంకా తేలలేదు, పై నెల కమిటీలో మాట్లాడతారు, నేను వదిలిపెట్టను. పాట లేనందుకు ఒక కుటుంబం ఈసారి రామని చెప్పింది, వాళ్ళింటికి అయ్యగారితో పాటు నేనూ వెళ్ళి పిలుస్తాను. రాకపోవచ్చు.

రొట్టెల సంగతే ఇంకా పూర్తవలేదు. నర్సమ్మాయి ఓటీజీలో ఒకసారికి ఒక్క బ్రెడ్డే పడుతుంది, మూడు వందల మందికి అది చాలదు. ఒకప్పుడు ఈ వీధిలో క్రిస్మస్‌కి అందరం కేకు పిండి ఇంట్లో కలుపుకుని, ట్రేకి పేరు రాసిన కాగితం అంటించి, మూలమీద బేకరీకి పట్టుకెళ్ళి కాల్పించుకునేవాళ్ళం. ఆ బేకరీ ఇంకా ఉంది, భాయ్ వాళ్ళబ్బాయి నడుపుతున్నాడు. అడిగితే శనివారం రాత్రి తన బన్నుల పని అయ్యాక, పదకొండింటికి ఓవెన్ ఇస్తానన్నాడు. పిండి కలపడానికి ఆడవాళ్ళు సరిపోయినంత మంది ఉన్నారు. ఆ వేళప్పుడు ట్రేలు మోయడానికి యువజన సమాజం నుంచి నలుగురు కుర్రాళ్ళు కావాలి, ఇద్దరే పేర్లిచ్చారు.